ఉడికించిన పెరుగు

మా మేనత్తని ఆసుపత్రిలో అందరూ ఆవిరక్క అంటారు. అమ్మానాన్నలు పెట్టిన పేరొకటి ఉందన్న సంగతి ఆవిడే మర్చిపోయిందని నా అనుమానం. ఆపరేషన్ గదుల్లోంచి వచ్చిన కత్తెరలు, పట్టకార్లు, గిన్నెలు, గుడ్డలు అన్నీ కడిగించి, మూటలు కట్టించి, ఆవిరి పట్టించి, వాటి మీద బతికున్న క్రిమి ఒక్కటీ మిగలకుండా చేసే గదికి ఆవిడ పెద్ద. పేరుమోసిన సర్జన్లు కూడా ఆ గది కిటికీ దగ్గరికొచ్చాక గొంతు తగ్గించి మాట్లాడతారు. ఇంట్లో మేమూ తగ్గించే మాట్లాడతాం, అది వేరే సంగతి.

ఆ గది గురించి కాస్త చెప్పాలి, లేకపోతే మా అత్త మీకు అర్థం కాదు. గదికి మధ్యలో గోడ. ఇటు మురికి వైపు, అటు శుభ్రం వైపు. గోడలోనే ఇమిడి ఉంటుంది ఆటోక్లేవ్ అనే ఆవిరి యంత్రం. దానికి రెండు తలుపులు, ఒక్కో వైపుకి ఒక్కటి. ఇటు తలుపు తీసి ఉన్నంతసేపూ అటు తలుపు తెరుచుకోదు. మూట మురికి వైపు నుంచి లోపలికి పోయి, ఆవిరి పట్టి, శుభ్రం వైపు నుంచి బయటికొస్తుంది. అటు నిలబడి అందుకునే మనిషి మా అత్త. యంత్రం మొదలైందంటే మూటలు అందుకునేదాకా అక్కడినుంచి కదలకూడదు. ఏ పని మీద బయటికొచ్చినా, మళ్లీ బట్టలు మార్చుకుని, మోచేతులదాకా రుద్దుకుంటే గానీ లోపలికి పోకూడదు.

ఆ మూటలు చుట్టే గుడ్డలు కుట్టేది నేను. అత్తావాళ్ల ఇంట్లోనే ముందు గదిలో నా కుట్టుమిషను, పక్క గదిలో నా మంచం. కుట్టిన గుడ్డలు తీసుకెళ్లి కిటికీలో అందించినప్పుడల్లా అద్దంలోంచి ఆవిడ కనిపిస్తుంది. తలకి టోపీ, మూతికి గుడ్డ, మధ్యలో రెండు కళ్లు. ఆ కళ్లు నా గుడ్డ అంచుల్ని చూసి ఏదో ఒక వంక పెట్టకుండా ఏనాడూ ఊరుకోలేదు.

మూటల మీద ఒక టేపు అంటిస్తారు. దాని మీద పాలిపోయిన గీతలుంటాయి. వేడి ఆవిరి తగిలితే అవి నల్లబడతాయి. అత్తకి ప్రపంచంలో నమ్మకం ఉన్నది ఆ నల్ల గీతల మీదే. గదిలో పారేసే టేపు చుట్టల చివర్లు అడిగి ఇంటికి తెచ్చుకుంటుంది. వాటిని అంటించి మా ప్రెషర్ కుక్కర్లో ఆవిడ ఉడికించని వస్తువు లేదు. గరిటెలు, మామయ్య గోళ్లు తీసుకునే కట్టర్, చేతి రుమాళ్లు. ఒకసారి నా బట్టల కత్తెర కూడా అందులో పెట్టింది. పదును పోయిన కత్తెర చేతిలో పట్టుకుని నేను లబోదిబోమంటుంటే, "ఇప్పుడు చూడు, ఎంత శుభ్రంగా ఉందో" అంది.

తిండి దగ్గర మరీను. యాపిల్ తొక్క తీస్తుంది. తొక్కలో మురికి లోపలిదాకా దిగి ఉంటుందని ఇంకో పొర తీస్తుంది. మిగిలిన గోళీకాయంత ముక్కని ఉడికిస్తుంది. బ్రెడ్డు అంచులు కోసేస్తుంది, కూరగాయల సూపుని గుడ్డలో వడగట్టి పిప్పి పారేస్తుంది. మామయ్య బస్సు కండక్టరుగా చేసి రిటైరయ్యాడు. ఎన్ని వేలమందినో గదమాయించి సర్దిన మనిషి ఇంట్లో మాత్రం ఆ వడగట్టిన నీళ్లు తాగి, "బాగుంది" అని లేచిపోతాడు.

ఇలా ఉండగా అత్తకి చిగుళ్లు వాచాయి. పళ్ల డాక్టరు యాంటీబయోటిక్ మాత్రలు రాశాడు. అవి పనిచెయ్యలేదని ఇంకాస్త గట్టివి రాశాడు. మాత్ర అంటే మనమంతా మొహం చిట్లిస్తామా, అత్త మిఠాయి తిన్నట్టు తినేది. "లోపల కూడా ఒక్కటి మిగలకూడదే" అని నాతో సంబరంగా చెప్పింది. అన్నంత పనీ అయింది. చిగుళ్ల వాపు తీసింది, కడుపు కదిలింది.

మాత్రలు అయిపోయి వారాలు గడిచినా ఆ కడుపు కుదురుకోలేదు. తిన్నది నిలవదు, ఎప్పుడు పిలుపొస్తుందో తెలియదు. ఇంట్లో అయితే ఫరవాలేదు. శుభ్రం వైపు నిలబడ్డ మనిషికి అది ఎంత నరకమో ఆలోచించండి. పరిగెత్తడం, బట్టలు మార్చుకోవడం, మోచేతులదాకా రుద్దుకోవడం, లోపలికెళ్లి నిలబడేసరికి మళ్లీ పరిగెత్తడం. ఒకరోజు ఆవిడ బయట ఉండగా యంత్రం ఆగింది. మూటలు తియ్యడానికి మనిషి లేక, ఆపరేషన్ ఆలస్యంగా మొదలైంది. ఎవరికీ ఏ హానీ జరగలేదు గానీ మాట సూపరింటెండెంటు దాకా వెళ్లింది.

ఆయన మంచివాడే. పిలిచి కూర్చోబెట్టి చెప్పాడు. నెలాఖరుకి కొత్త యంత్రం వస్తోంది. కంపెనీ ఇంజనీరు ఎదురుగా మొదటి విడత మూటల్ని మొదట్నుంచీ చివరిదాకా ఎవరు నడిపిస్తే గది వాళ్లది. ఆలోపు కడుపు సరికాకపోతే అత్త దుప్పట్ల గదిలో కూర్చోవాలి. అక్కడ దుప్పట్లు మడతపెట్టి అల్మారాలో సర్దడమే పని. "పక్కనే బాత్రూం కూడా ఉందమ్మా" అన్నాడట, పాపం ఊరడింపుగా.

ఆ సాయంత్రం అత్త నా మిషను పక్కన పీట వేసుకుని కూర్చుంది. ఎప్పుడూ అంచులకి వంక పెట్టే మనిషి ఆరోజు గుడ్డ వైపే చూడలేదు.

"నాకు ఆ గది తప్ప ఇంకేం తెలీదే" అంది. "దుప్పట్లు ఎవరైనా మడతపెడతారు. అందులో నేనెందుకు?"

ఏడవలేదు. ఏడిస్తే నేనేదో ఒకటి అనేదాన్ని. ఏడవకపోయేసరికి మిషను ఆపి, ఎక్కి ఉన్న దారాన్నే మళ్లీ సూదిలోకి ఎక్కిస్తూ కూర్చున్నాను.

మర్నాడు నేనే లాక్కెళ్లాను కడుపు డాక్టరమ్మ దగ్గరికి. అదే ఆసుపత్రిలో పైఅంతస్తు. అత్త ఉడికించిన పరికరాలతోనే ఇన్నాళ్లూ పని చేసిన మనిషి కాబట్టి ఆవిడంటే మా అత్తకి గురి. పరీక్షలన్నీ చేయించి, భయపడాల్సిన ఇన్ఫెక్షనేమీ లేదని చెప్పింది.

"మీ మాత్రలు చెడ్డ క్రిములతో పాటు పేగులో ఉండాల్సిన మంచివాటిని కూడా ఊడ్చేశాయి ఆవిరక్కా. ఈ పొట్లాల్లో ప్రోబయోటిక్ పొడి ఉంది. మేలు చేసే బాక్టీరియా అన్నమాట. రోజుకొకటి నీళ్లలో కలుపుకుని తాగండి. పెరుగు తినండి. వాటికి తిండి కూడా పెట్టాలి, దాన్నే ప్రీబయోటిక్ అంటాం. అరటిపళ్లు, ఉల్లిపాయలు, వెల్లుల్లి, చిక్కుళ్లు, ఓట్స్, ఇలా పీచున్నవి."

అత్త మొహం చూడాల్సింది. "నా సర్వీసంతా క్రిముల్ని చంపడమే డాక్టరమ్మా. ఇప్పుడు వాటిని తినమంటారా?"

"తినమంటున్నాను. అందరికీ ఒకేలా పనిచేస్తుందని మాటివ్వలేను. ప్రయత్నిద్దాం."

గురి ఉన్న డాక్టరు కదా, అత్త తలూపింది. పొట్లాల డబ్బా సంచిలో వేసుకుని, లోపల ఎవరో కదులుతున్నట్టు దాన్ని ఒంటికి దూరంగా పట్టుకుని ఇంటికి నడిచింది.

ఒక్కరోజూ మానకుండా పొడి తాగింది. రోజూ పెరుగు తింది. అయినా కడుపు ఒక్క అంగుళం దారికి రాలేదు. నెల సగానికి వచ్చింది. మామయ్య డాక్టరమ్మని తిట్టాడు, నేను పొడి కంపెనీని తిట్టాను. అత్త ఎవర్నీ తిట్టకుండా దుప్పట్ల గది మీదుగా వెళ్లడం మానేసి, చుట్టు తిరిగి పోవడం మొదలుపెట్టింది. అది చూసి నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. మిగిలిన పొట్లాలు తీసుకుని పద, అడిగేద్దాం అన్నాను.

డాక్టరమ్మ ముందు బల్ల మీద అత్త డబ్బా పెట్టింది. డాక్టరమ్మ మూత తీసి ఒక పొట్లం చేతిలోకి తీసుకుంది. తిప్పి చూసింది. ఇంకొకటి తీసింది. ప్రతి పొట్లం మీదా చిన్న టేపు ముక్క, దాని మీద నిగనిగలాడే నల్ల గీతలు.

"ఈ గీతలేంటి ఆవిరక్కా?"

"ఆవిరి పట్టించానండీ" అంది అత్త. గొంతులో కాస్త గర్వం కూడా ఉంది. "ఎవరెవరి చేతులు పడ్డాయో ఏమో. కుక్కర్లో పెట్టి గట్టిగా పట్టించాను. ఒక్క పొట్లం కూడా వదల్లేదు."

"పెరుగు?"

"దాన్నీ అంతే. విరిగిపోయి గడ్డ వేరు నీళ్లు వేరు అవుతుంది. తినలేక చస్తున్నా, మీరు చెప్పారు కదా అని మింగుతున్నాను."

డాక్టరమ్మ పెదవులు బిగబట్టి కిటికీ వైపు తిరిగింది. భుజాలు మాత్రం ఊగుతున్నాయి. నేను అంత మర్యాదస్తురాలిని కాదు. కడుపు పట్టుకుని నవ్వాను. ఇంట్లోనే ఉండి, పక్క గదిలోనే మిషను తొక్కుతూ, రోజూ కుక్కరు కూత వింటూ కూడా అందులో ఏముందో చూడని నా తెలివికి కూడా కలిపి నవ్వాను.

"అవన్నీ చచ్చిపోయాయి కదమ్మా" అంది డాక్టరమ్మ ఇటు తిరిగాక. "చచ్చినవాటితో కూడా ఏదో కాస్త ఉపయోగం ఉందనేవాళ్లున్నారు గానీ, నేను మీకు రాసింది బతికున్నవాటిని."

"చంపకుండా దేన్నైనా లోపలికి ఎలా పంపిస్తాను?" అంది అత్త. వాదన కాదది, నిజంగానే తెలియక అడిగింది.

డాక్టరమ్మ నవ్వడం మానేసి కుర్చీ దగ్గరికి జరుపుకుంది. "పేగు లోపలి గోడ ఎంత మందం ఉంటుందనుకుంటున్నారు? ఒకే ఒక్క వరస కణాలు. పక్కపక్కన ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకుని నిలబడతాయి. వాటి మీద పల్చటి జిగురు పొర. తిన్నదాంట్లో సారం ఆ గోడ దాటి రక్తంలోకి పోవాలి. మురికి ఇటే ఆగిపోవాలి."

"మా గది గోడలాగా" అంది అత్త మెల్లగా.

"మీ గది గోడే అనుకోండి. మంచి బాక్టీరియా అక్కడ కూర్చుని ఉంటే చెడ్డవాటికి చోటు దొరకదు. మనకి అరగని పీచు వాటికి భోజనం. అది తిని అవి కొన్ని ఆమ్లాలు తయారుచేస్తాయి. గోడలో ఉన్న కణాలకి ఆ ఆమ్లాలే బలం. పీచు బొత్తిగా పెట్టలేదనుకోండి, ఆకలేసి ఆ జిగురునే తినేసే రకాలున్నాయి. అప్పుడు గోడ పట్టు సడలుతుంది. ఇటు ఆగాల్సినవి అటు జారతాయి."

అత్త తన చేతుల వైపు చూసుకుంది. రుద్ది రుద్ది వేళ్ల మీద గీతలు కూడా అరిగిపోయిన చేతులు. "అంటే ఆ గోడకి కాపలా ఉండేవాళ్లని నేనే చంపానన్నమాట."

"మాత్రలు చంపాయి. అదైనా చిగుళ్ల కోసం, తప్పలేదు. కానీ తర్వాత నేను పంపినవాళ్లని మాత్రం మీరే చంపారు."

"ఉన్నవాళ్లకి తిండి కూడా పెట్టలేదు" అన్నాను నేను, దొరికిన సందు వదులుకోకుండా. "తొక్కలు తీసి, పిప్పి పారేసి, ఉత్త నీళ్లు పోసింది."

"నువ్వు నోరు ముయ్యి" అంది అత్త. కానీ కోపం లేదు ఆ మాటలో. గదిలో కొత్తగా ఎవరైనా తప్పు చేస్తే ఆవిడ ఎలా ఆలోచిస్తుందో అలా ఆలోచిస్తోంది, ఈసారి తన గురించి.

ఇక చూడండి. మా అత్త ఏ పనైనా సగం సగం చెయ్యదు, అదే ఆవిడతో చిక్కు. కొత్త డబ్బా కొని చల్లటి నీళ్లలో పొడి కలిపింది. గ్లాసు పైకెత్తి వెలుతురులో చూసి, కళ్లు మూసుకుని తాగేసింది. తర్వాత తిండి పని పట్టుకుంది. పొద్దున ఉల్లిపాయలు, మధ్యాహ్నం గంపెడు చిక్కుళ్లు, సాయంత్రం ఓట్స్ మీద వెల్లుల్లి. మధ్యలో అరటిపళ్లు. యాపిల్ని కడిగి తొక్కతోనే కొరికింది, కొరికేముందు దాని వైపు శత్రువుని చూసినట్టు చూసిందనుకోండి. ఫలితం ఏమైందంటే, పొట్ట డోలులా ఉబ్బింది. ఆ చప్పుళ్లు, ఆ గాలి నేను వర్ణించను. మామయ్య దిండు చంకలో పెట్టుకుని నా ముందు గదికి వలసొచ్చి, గుడ్డల మూటల మధ్య పడుకున్నాడు.

"కిక్కిరిసిన బస్సులో ఇంతకంటే హాయిగా ఉండేది" అన్నాడు పాపం.

అత్త ఫోన్ చేస్తే డాక్టరమ్మ అడిగిందట, "కొత్తగా డ్యూటీలో చేరినవాళ్ల మీద మొదటిరోజే మొత్తం పని వేస్తారా మీ గదిలో?" అని. ఆ మాట అత్తకి సూటిగా తగిలింది. ఆరోజు నుంచి పీచు కొద్దికొద్దిగా పెంచింది. లోపలివాళ్లకి పేరు కూడా కుదిరింది. డ్యూటీవాళ్లు. "డ్యూటీవాళ్లకి ఈ పూట అరటిపండు చాలు" అనేది. "డ్యూటీవాళ్లు రాత్రి కాస్త గొడవ చేశారు" అనేది. కింద పనిచేసేవాళ్ల గురించి ఇంత ప్రేమగా మాట్లాడ్డం నేనెప్పుడూ వినలేదు, నా గురించైతే అసలే వినలేదు.

నెమ్మదిగా తేడా తెలిసింది. పరుగులు తగ్గాయి. మామయ్య దిండు తీసుకుని తన గదికి వెళ్లాడు. అయినా పూర్తిగా కుదిరిందని చెప్పడానికి లేదు. ఒకరోజు బాగుండేది, ఒకరోజు మొండికేసేది. అలా ఉండగానే నెలాఖరు వచ్చేసింది.

కొత్త యంత్రం మొదటి విడత నడిపే రోజు, అక్కర్లేకపోయినా ఒక గుడ్డల మూట చంకన పెట్టుకుని కిటికీ దగ్గరికి చేరాను. మామయ్య కూడా వచ్చాడు, ఏ వంకా దొరక్క ఉత్త చేతులతో. అద్దానికి అటువైపు అత్త, కంపెనీ ఇంజనీరు, టోపీ పెట్టుకుని గుర్తుపట్టలేకుండా ఉన్న సూపరింటెండెంటు. యంత్రం మొదలైంది. ఆవిరి బుస కొట్టే చప్పుడు గోడలోంచి నా అరచేతికి తెలుస్తోంది. అత్త యంత్రం మీద ఆవిరి ఒత్తిడి చూపించే ముల్లు చూస్తూ కదలకుండా నిలబడింది.

సగం దాకా బాగానే ఉంది. అప్పుడు ఆవిడ చెయ్యి మెల్లగా పొట్ట మీదికి వెళ్లింది.

మామయ్య నా భుజం గట్టిగా పట్టుకున్నాడు. అటువైపు సూపరింటెండెంటు కూడా చూశాడు. ఏదో అన్నాడు, అద్దంలోంచి వినపడలేదు గానీ చెయ్యి తలుపు వైపు చూపించాడు. వెళ్లి రండి, నేను నిలబడతాను అంటున్నాడని తెలుస్తూనే ఉంది. వెళ్తే తిరిగి రావచ్చు. కానీ మొదట్నుంచీ చివరిదాకా అన్న మాట పోతుంది. దుప్పట్లు, అల్మారా, పక్కనే బాత్రూం. నా కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఈవిడ మీద నాకింత ప్రేమ ఉందని నాకే తెలియదు, కత్తెర పాడుచేసిన మనిషి మీద.

అత్త తల అడ్డంగా ఊపింది. చెయ్యి తీసేసి మళ్లీ ముల్లు వైపు చూసింది. అలాగే నిలబడింది. ఎంతసేపో నాకు తెలియదు. యంత్రం కూత పెట్టింది, శుభ్రం వైపు తలుపు తెరుచుకుంది, మొదటి మూట ఆవిడ చేతుల్లోకి వచ్చింది. అద్దం దగ్గరికి తెచ్చి మాకు చూపించింది. గీతలు నల్లగా ఉన్నాయి.

బయటికొచ్చాక అడిగాను. "ఇందాక పొట్ట పట్టుకున్నావు కదత్తా, ఏమైంది? మాకు పైప్రాణాలు పైనే పోయాయి."

"ఆకలేసిందే" అంది అత్త. చెప్పి, తనే ఆశ్చర్యపోయినట్టు ఆగింది. "ఎన్నాళ్లయిందో ఆకలేసి. మొదట అదేంటో గుర్తుపట్టలేకపోయాను."

మామయ్య రుమాలు తీసి ముక్కు తుడుచుకున్నాడు. దాని అంచుకి ఇంకా నల్ల గీతల టేపు ముక్క అంటుకుని ఉంది.

ఇంటికొచ్చాం. అత్త కాళ్లు కడుక్కోవడానికి వెళ్లింది. మామయ్యకి ఆరోజు ఆవిడకి ఏదైనా చేసిపెట్టాలనిపించింది. ఫ్రిజ్‌లోంచి పెరుగు గిన్నె తీశాడు. మరీ చల్లగా ఉందని, ఇన్నేళ్ల అలవాటు చొప్పున స్టవ్ వెలిగించి దాని మీద పెట్టాడు. అత్త తడి కాళ్లతోనే వంటింట్లోకి వచ్చింది. మరుక్షణం స్టవ్ ఆరిపోయింది, గిన్నె ఆవిడ చేతుల్లో ఉంది. అడుగు కాలుతోందో లేదో కూడా చూసుకోలేదు.

"ఏంటండీ ఇది" అంది. "ఇవాళ నన్నక్కడ నిలబెట్టింది వీళ్లే కదా."

మామయ్య బిక్కమొహం వేశాడు. అత్త గిన్నెలో వేలు పెట్టి చూసింది. ఇంకా చల్లగానే ఉంది. అప్పుడు గానీ కుర్చీలో కూర్చోలేదు. అందులోనే చెంచా వేసుకుని, అంతా తినేసింది. మాకు కావాలా అని కూడా అడగలేదు.

ఇప్పుడు మా ఫ్రిజ్‌లో పెరుగు గిన్నె మూత మీద అత్త అంటించిన టేపు ముక్క ఒకటి ఉంటుంది. గీతలు నల్లబడితే మామయ్య పని పడతానని చెప్పింది. రోజూ పొద్దున డ్యూటీకి వెళ్లేముందు ఫ్రిజ్ తలుపు తీసి, గీతలు ఇంకా పాలిపోయే ఉన్నాయో లేదో వంగి చూసుకుని, అప్పుడు చెప్పులేసుకుంటుంది.